దర్బన్ రేవులో అబూబకర్ సేఠ్

మన ఇళ్లల్లో ముత్తాతల ప్రస్తావన వచ్చినప్పుడు పెద్దవాళ్లు చెప్పే మాటలు ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి. "ఆయన ఓడెక్కి రంగూన్ వెళ్లారట, అక్కడ పెద్ద దుకాణం పెట్టారట, బాగా సంపాదించారట" అంటారు. ఏ సంవత్సరంలో వెళ్లారు, ఏ వీధిలో దుకాణం, ఏ సరుకు అమ్మేవారు, చివరికి ఆ ఆస్తి ఏమయింది అని రెండో ప్రశ్న వేస్తే జవాబు రాదు. కథ ఆ "అట" దగ్గరే ఆగిపోతుంది.

నూట యాభై ఏళ్ల కిందటి ఒక వర్తకుడి జీవితాన్ని ఇప్పుడు కూడగట్టటం సాధ్యమేనా? సాధ్యమే. అయితే అది జ్ఞాపకాల మీద కంటే కాగితాల మీద ఎక్కువ ఆధారపడుతుంది. ఇందుకు ఉదాహరణగా ఒక ప్రసిద్ధ పురుషుని చరిత్ర ఇక్కడ చెప్పదలిచాను. ఆయన పేరు అబూబకర్ అమద్ ఝవేరీ. కాఠియావాడ్ లోని పోర్‌బందర్‌కు చెందిన మెమన్ వర్తకుడు. దక్షిణాఫ్రికాలోని దర్బన్ రేవులో వ్యాపారం పెట్టి, ఆ దేశంలో భారతీయ వర్తకానికి దారి వేసినవాడు. ఆయన మన ప్రాంతం వాడు కాకపోయినా ఆయన దుకాణం ముందు నిలబడి సరుకు కొన్నవాళ్లలో మన విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల వాళ్లు ఉన్నారు. కాబట్టి ఈ కథ మనకు పరాయిది కాదు.

ఆయన రాకముందు దర్బన్

దర్బన్ ఆ రోజుల్లో బ్రిటిష్ వారి నేటాల్ వలస రాజ్యానికి రేవు పట్టణం. రేవు ముఖంలో ఇసుక మేట ఉండటం వల్ల పెద్ద ఓడలు లోపలికి వచ్చేవి కావు. బయట సముద్రంలోనే లంగరు వేసేవి. ప్రయాణికుల్ని బుట్టలో కూర్చోబెట్టి చిన్న పడవల్లోకి దించి ఒడ్డుకు చేర్చేవారు. పట్టణం దాటితే తీరం పొడుగునా చెరకు తోటలు. ఆ తోటల్లో పనికి స్థానికులైన జూలూ ప్రజలు ఇష్టపడలేదు. అందుచేత తెల్లదొరలు మన దేశం వైపు చూశారు.

1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి బయలుదేరిన తొలి కూలీలతో దర్బన్ చేరింది. పది రోజుల తర్వాత 'బెల్వడేర్' కలకత్తా నుంచి వచ్చింది. కొన్నేళ్లు యజమాని దగ్గర పనిచేయాలని ఒప్పందం. మొదటి ఏడాది జీతం నెలకు పది షిల్లింగులు, తిండి గింజలు అదనం. 1860 నుంచి 1911 వరకు ఈ విధంగా నేటాల్ వెళ్లినవాళ్లు 1,52,184 మంది. వీరిలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు రాజధాని నుంచి వెళ్లినవారే. అందులో తమిళులు, తెలుగువాళ్లు కలిసి ఉన్నారు, హిందువులతోపాటు ముస్లింలూ ఉన్నారు. మొహర్రం వచ్చిందంటే నేటాల్ తోటల్లో మతభేదం లేకుండా కూలీలంతా తాజియాలు కట్టి ఊరేగించేవారు. మన పల్లెల్లో పీర్ల పండుగ చూసినవారికి ఇందులో ఆశ్చర్యం ఏమీ కనిపించదు.

ఒప్పందం తీరినవాళ్లలో కొందరు కూరగాయలు పండించారు, కొందరు గంపలు ఎత్తి ఊరూరా అమ్మారు. బాబూ నాయుడు అనే ఆయన 1860లలోనే దర్బన్ ఫీల్డ్ స్ట్రీట్‌లో చిన్న దుకాణం తెరిచారు. కనుక నేటాల్‌లో భారతీయుల తొలి దుకాణం అబూబకర్ సేఠ్‌దే అనటం సరికాదు. సొంత ఖర్చు మీద, సొంత పెట్టుబడితో వచ్చిన తొలి పెద్ద వర్తకుడు మాత్రం ఆయనే.

పోర్‌బందర్ నుంచి

పోర్‌బందర్ మెమన్లకు సముద్రం కొత్త కాదు. అరేబియా తీరాలతో, తూర్పు ఆఫ్రికాతో, మారిషస్‌తో ఆ రేవుకు పాత సంబంధం. మారిషస్‌లో చెరకు తోటలకు మన కూలీలు 1834 నుంచే వెళ్లారు. వాళ్ల వెనకే బియ్యం, పప్పు, బట్ట అమ్మే గుజరాతీ వర్తకులూ వెళ్లారు. అబూబకర్ సేఠ్ మొదట పేరు తెచ్చుకున్నది ఆ మారిషస్‌లోనే. నేటాల్‌లోనూ అదే తీరు చెరకు, అదే తీరు కూలీ జనం ఉన్నారని ఆయనకు అక్కడే తెలిసి ఉండాలి.

ఆయన 1874లో నేటాల్ చేరినట్టు చరిత్రకారులు రాశారు. ఈ సంవత్సరం గమనించదగ్గది. 1866లో నేటాల్‌లో ఆర్థిక మాంద్యం వల్ల కూలీల రాక ఆగిపోయింది. 1871లో తిరిగి వచ్చినవాళ్లు యజమానుల క్రౌర్యం గురించి మద్రాసులో ఫిర్యాదు చేశారు. దాని మీద 1872లో నేటాల్ ప్రభుత్వం విచారణ సంఘం వేయవలసి వచ్చింది. కొన్ని మార్పులు చేసిన పిమ్మట 1874లో ఓడలు మళ్లీ కదిలాయి. సరిగ్గా ఆ ఏడే సేఠ్ దర్బన్‌లో దిగారు. కొత్త ఓడల వెంట కొత్త కొనుగోలుదారులు వస్తారని ఆయన లెక్క వేసుకున్నారనుకోవటంలో తప్పులేదు. మంచి వర్తకుడి చూపు అది.

వెస్ట్ స్ట్రీట్ దుకాణం

దర్బన్‌లో ముఖ్య వీధి అయిన వెస్ట్ స్ట్రీట్‌లో ఆయన దుకాణం తెరిచారు. ఆ తర్వాత వెరులం, టొంగాట్ వంటి చెరకు ఊళ్లలోనూ, ట్రాన్స్‌వాల్‌లోని ప్రిటోరియాలోనూ శాఖలు వెలిశాయి. గాంధీగారు దక్షిణాఫ్రికా సత్యాగ్రహ చరిత్ర రాస్తూ ఈయనను పేరుపెట్టి చెప్పారు. భారతీయ వర్తకులు ఏపాటివారో నేటాల్ ఇంగ్లీషువారికి అప్పటికి తెలియదనీ, సేఠ్ బాగుపడిన కబురు పోర్‌బందర్ చేరాక మిగతా మెమన్లు కదిలి వచ్చారనీ, వారి వెనక సూరత్ వైపు బోహ్రాలు, లెక్కలు రాయటానికి గుజరాతీ హిందూ గుమాస్తాలూ వచ్చారనీ ఆయన రాశారు. ఒక మనిషి తెరిచిన దుకాణం వెనక ఒక ఊరే కదిలి వచ్చిందన్నమాట.

ఈ వర్తకం ఎలా నిలిచింది? ప్రధానంగా బియ్యం మీద నిలిచింది. మన వాళ్లకు అన్నం లేనిదే గడవదు. తోట యజమానులు ఇచ్చే దినుసులు చాలవు. బియ్యం, పప్పు, నూనె, మసాలా దినుసులు, బట్టలు ఇండియా నుంచి నేరుగా తెప్పించి, తక్కువ లాభానికి ఎక్కువ సరుకు అమ్మటం ఈ వర్తకుల పద్ధతి. చేతిలో డబ్బు లేనివాడికి అరువు రాసి ఇచ్చేవారు. భాష తెలియని కూలీని కసురుకోకుండా పిలిచి మాట్లాడేవారు. జూలూ ప్రజలు కూడా తెల్లవారి దుకాణాలకు వెళ్లటానికి జంకి వీరి దగ్గరికి వచ్చేవారు.

వీరి వేషం చూసి తెల్లవాళ్లు వీరిని "అరబ్బులు" అన్నారు. ఈ పేరును వర్తకులూ కాదనలేదు. ఎందుకంటే "కూలీ" అన్న ముద్ర నుంచి అది వీరిని వేరుచేసేది. ఇది మనం దాచవలసిన విషయం కాదు. ఒకే దేశం నుంచి, కొన్నిసార్లు ఒకే మతం నుంచి వచ్చినవాళ్ల మధ్య షావుకారు, కూలీ అనే గోడ అక్కడ చాలా కాలం నిలిచింది. ఆ గోడ మీద సేఠ్‌ల సంపద కొంత లేచిందన్నది కూడా నిజమే.

1885లో నేటాల్ ప్రభుత్వం వేసిన రాగ్ కమిషన్ భారతీయుల స్థితిగతులు విచారించి 1887లో నివేదిక ఇచ్చింది. ఈ "అరబ్బు" వర్తకుల రాక వల్ల సరుకుల ధరలు తగ్గి వలస రాజ్యం మొత్తానికి మేలు జరిగిందనీ, వీరి మీద తెల్ల వర్తకుల కోపానికి అసలు కారణం వీరి సామర్థ్యమేననీ ఆ కమిషన్ అభిప్రాయపడింది.

మస్జిద్ దస్తావేజు

అబూబకర్ సేఠ్ చేసిన పనుల్లో నేటికీ కంటికి కనిపించేది దర్బన్ గ్రే స్ట్రీట్ జుమా మస్జిద్. 1881లో ఆయన, హాజీ మహమ్మద్ దాదా అనే మరో వర్తకుడు కలిసి ఆ స్థలం కొన్నారు. ధర 115 పౌండ్లు. అమ్మినాయన పేరు కె. మూనుసామి అని దస్తావేజు చెబుతున్నది. పేరును బట్టి దక్షిణాది వాడు. మద్రాసు వైపు నుంచి వెళ్లిన మనిషి చేతిలోని భూమి పోర్‌బందర్ వర్తకుల చేతికి వచ్చి, ఆ తర్వాత నమాజుకు వచ్చే ప్రతి ఒక్కరిదీ అయింది.

మొదట చిన్న కట్టడం లేచింది. తర్వాత అది విస్తరిస్తూ పోయింది. ఇరవయ్యో శతాబ్దంలో మినార్లతో, కింద దుకాణాలతో దక్షిణార్ధగోళంలోని పెద్ద మస్జిద్‌లలో ఒకటిగా పేరు పొందింది. మస్జిద్ కింద, చుట్టుపక్కల దుకాణాల అద్దెలు ట్రస్టుకు ఆదాయం. అందువల్ల ఏటేటా చందాలకు చేయి చాచవలసిన అవస్థ తగ్గింది. వర్తకుడు మస్జిద్ కట్టిస్తే వర్తకుడి బుర్రతోనే కట్టిస్తాడు. మన సంఘాలు నేర్చుకోదగ్గ విషయం ఇది. గ్రే స్ట్రీట్ పేరు ఇప్పుడు డాక్టర్ యూసుఫ్ దాదూ స్ట్రీట్. వెస్ట్ స్ట్రీట్ పేరు కూడా మారింది. మస్జిద్ మాత్రం అక్కడే ఉన్నది.

ప్రిటోరియా స్థలం

ఇక ఆయన జీవితంలో అన్నిటికంటే విచిత్రమైన అధ్యాయం ఆయన పోయిన తర్వాత నడిచింది. ట్రాన్స్‌వాల్ అప్పుడు బోయర్లనే డచ్చి సంతతి వారి రిపబ్లిక్కు. దాని రాజధాని ప్రిటోరియాలో చర్చి స్ట్రీట్ మీద సేఠ్ ఒక స్థలం కొని తన పేర రిజిస్టరు చేయించుకున్నారు. 1885లో ఆ ప్రభుత్వం మూడో నంబరు చట్టం తెచ్చింది. ఆసియావాసులకు పౌరసత్వం లేదు, స్థిరాస్తి కొనే హక్కు లేదు అని దాని సారాంశం. 1886లో దాన్ని కొంచెం సవరించి, ప్రభుత్వం చూపించిన ప్రత్యేక వాడల్లో మాత్రం కొనుక్కోవచ్చన్నారు. సేఠ్ స్థలం ఆ చట్టం అమల్లోకి రాకముందే రిజిస్టరైంది కాబట్టి నిలిచింది. కొన్ని వారాలు ఆలస్యం చేసి ఉంటే అది ఆయనది అయ్యేది కాదు.

సేఠ్ పోయారు. స్థలం వారసులకు రావాలి. ఇక్కడే చిక్కు వచ్చింది. చచ్చిపోయిన ఆసియావాసి పేర ఉన్న భూమిని బతికున్న ఆసియావాసి పేర మార్చటం అంటే కొత్తగా హక్కు ఇవ్వటమే, అది చట్ట విరుద్ధం అన్నారు. బోయర్ యుద్ధం ముగిసి 1902లో ట్రాన్స్‌వాల్ బ్రిటిష్ వారి చేతికి వచ్చినా చట్టం మారలేదు. తండ్రి సంపాదించింది బిడ్డలకు రావటమనే లోక న్యాయం అక్కడ చట్టానికి ఆనలేదు.

1906లో ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం ఆసియావాసులంతా వేలిముద్రలిచ్చి రిజిస్టరు కావాలనే ఆర్డినెన్సు తెచ్చింది. చిత్రమేమంటే, 1885 చట్టానికి ముందు కొన్న ఆస్తి వారసులకు చెందవచ్చుననే నిబంధన కూడా అందులోనే పెట్టారు. ఆ నిబంధన వల్ల మేలు కలిగేది దాదాపు ఒక్క అబూబకర్ సేఠ్ కుటుంబానికే. ఒక కుటుంబానికి చెందవలసిన న్యాయం ఒక చేతిలో, మొత్తం సమాజానికి అవమానం మరో చేతిలో పట్టుకొని ప్రభుత్వం వచ్చిందన్నమాట.

సమాజం లొంగలేదు. 1906 సెప్టెంబరు 11న జొహనెస్‌బర్గ్ ఎంపైర్ థియేటర్‌లో జరిగిన మహాసభకు అబ్దుల్ గనీ అధ్యక్షత వహించారు. దేవుని సాక్షిగా ఈ చట్టానికి లోబడమని ప్రమాణం చేద్దామని హాజీ హబీబ్ అన్నారు. అక్కడే సత్యాగ్రహానికి బీజం పడింది. ఆ ఆర్డినెన్సుకు లండన్ ఆమోదం రాలేదు. కానీ 1907లో ట్రాన్స్‌వాల్‌కు స్వపరిపాలన రాగానే అదే చట్టం మళ్లీ వచ్చింది, పోరాటమూ సాగింది.

ఆయన వేసిన బాట

1893లో గాంధీగారు దర్బన్‌లో దిగేనాటికే అబూబకర్ సేఠ్ లేరు. అయినా గాంధీగారిని అక్కడికి రప్పించింది ఆయన వేసిన బాటే. ఆ బాటలో వచ్చిన పోర్‌బందర్ మెమన్లలో దాదా అబ్దుల్లా ఒకరు. ట్రాన్స్‌వాల్‌లోని మరో మెమన్ వర్తకుడు తయ్యబ్ సేఠ్‌తో 40,000 పౌండ్ల వ్యాజ్యం వచ్చి, ఇంగ్లీషు లాయర్లకు గుజరాతీ లెక్కలు విడమర్చి చెప్పే మనిషి కావలసి వచ్చింది. పోర్‌బందర్‌లోనే పుట్టిన యువ బారిస్టరును అందుకు పిలిపించారు. ఆ తగాదా చివరికి మధ్యవర్తిత్వంతో తీరింది. 1894లో భారతీయుల ఓటుహక్కు తీసేసే బిల్లు వచ్చినప్పుడు దాదా అబ్దుల్లా ఇంటిలోనే నేటాల్ ఇండియన్ కాంగ్రెస్ పుట్టింది. ఝవేరీ కుటుంబానికే చెందిన ఉమర్ హాజీ అమద్ ఆ సంస్థ పనుల్లో ముందు నిలిచారు.

వర్తకుల మీద దెబ్బ 1897లో పడింది. దుకాణం లైసెన్సు ఇవ్వటం, ఇవ్వకపోవటం ఒక అధికారి ఇష్టానికి వదిలేశారు. లెక్కలు ఇంగ్లీషులో లేవన్న కారణం చాలు, లైసెన్సు పోతుంది. పైకోర్టుకు వెళ్లే దారి కూడా మూసేశారు. ఇరవై మూడేళ్ల కిందట "వీళ్లేం చేస్తారులే" అనుకున్న తెల్ల వర్తకులు అంతగా భయపడ్డారంటే అబూబకర్ సేఠ్, ఆయన వెనక వచ్చినవాళ్లు ఎంత కష్టపడ్డారో ఊహించుకోవచ్చు.

మన ఇంటి వెతుకులాట

ఇప్పుడు మొదట వేసిన ప్రశ్నకు వద్దాం. సేఠ్ గురించి పైన చెప్పిందంతా ఎక్కడినుంచి దొరికింది? భూమి దస్తావేజు, మస్జిద్ ట్రస్టు పత్రం, రిజిస్ట్రారు ఆఫీసు పుస్తకం, కోర్టు కాగితాలు, ప్రభుత్వానికి పెట్టుకున్న అర్జీలు. ఆయన ఏ ఓడలో వచ్చారో, ఒడ్డున దిగినప్పుడు ఎలా ఉన్నారో చెప్పే జాబితా ఏదీ వీటిలో లేదు. సొంత టిక్కెట్టు మీద వచ్చిన మనిషికి నంబరు ఉండదు.

కూలీకి మాత్రం ఉంటుంది. నేటాల్ వెళ్లిన ప్రతి కూలీకీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం లేదా మతం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటి మీది పుట్టుమచ్చ వరకు ఓడ రిజిస్టర్లలో రాశారు. ఆ రిజిస్టర్లు దక్షిణాఫ్రికాలో భద్రంగా ఉన్నాయి. పరిశోధకులు వాటిని కంప్యూటర్లోకి కూడా ఎక్కించారు. మనిషిని సరుకులా లెక్కపెట్టటానికి రాసిన పుస్తకాలవి. అయినా ఇవాళ వాటి వల్లనే దర్బన్‌లోని తెలుగు కుటుంబాలు తమ ఊరు ఏదో తెలుసుకోగలుగుతున్నాయి. పేదవాడి ఊరు సర్కారు రాసిపెట్టింది. షావుకారు ఊరు షావుకారు ఇంటివాళ్లు దాచుకుంటేనే మిగులుతుంది.

మన సభ్యుల కుటుంబాల్లో రంగూన్, మారిషస్, నేటాల్, సింగపూర్ వెళ్లిన పెద్దలున్నవారు ఈ రెండు దారుల్లో ఏది తమదో ముందు తేల్చుకోవాలి. కూలీగా వెళ్లి ఉంటే జిల్లా, తాలూకా పేర్లతో ఓడ రిజిస్టర్లలో వెతకవచ్చు. వర్తకుడిగా వెళ్లి ఉంటే ఇంట్లో పెట్టె తెరవాలి. వీలునామా, స్థలం కాగితాలు, నికాహ్‌నామా, ఖాతా పుస్తకం, పాత ఉత్తరాల కవర్ల మీది ముద్రలు, ఇవన్నీ చరిత్రే. చాలా ఇళ్లల్లో ఇవి ఉర్దూలోనో ఫార్సీలోనో ఉంటాయి. చదవగల పెద్దలు ఉండగానే చదివించి తెలుగులో రాసిపెట్టుకోవాలి.

పేర్ల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. ఇంగ్లీషు గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు. మన సేఠ్ పేరే ఒక కాగితంలో అబూబేకర్, మరో దానిలో అబుబాకర్. అమద్ కాస్తా ఆమోద్ అయింది. ఝవేరీ జవేరీ అయింది. కాబట్టి ముత్తాత పేరు ఒక్క స్పెల్లింగుతో దొరకకపోతే ఆయన లేరనుకోరాదు. నాలుగైదు రకాలుగా రాసి వెతకాలి. పేరుతోపాటు ఊరు, తండ్రి పేరు సరిపోతేనే మనిషి సరిపోయినట్టు.

అబూబకర్ సేఠ్ సంపాదించిన సొమ్ము ఏమయిందో చెప్పటం కష్టం. దుకాణాలు మూతపడతాయి, చేతులు మారతాయి. ఆయన పేరు నిలిచింది మాత్రం రెండు కాగితాల మీద. మస్జిద్ స్థలం దస్తావేజు ఒకటి, చట్టం రాకముందే రిజిస్టరు చేయించుకున్న ప్రిటోరియా స్థలం కాగితం మరొకటి. మొదటిది సమాజానికి దక్కింది. రెండోది ఒక ప్రభుత్వాన్ని ఇరవై ఏళ్ల పాటు ఇబ్బందిలో పెట్టింది. మన ఇంటి అటక మీద ఉన్న పాత ట్రంకు పెట్టెను చెదలు ముందుగా తెరుస్తాయో, మనం ముందుగా తెరుస్తామో నిర్ణయించుకోవలసింది మనమే.